హార్విల్ సమాధి పక్కన ర్యాంపు

2003 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక పాత కళాశాలలో ప్రాసెసింగ్ ఆర్కైవిస్టుగా చేరాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంటు నుంచి కారులో నలభై నిమిషాలు. పదవి పేరు వినగానే బంధువులంతా అదేదో కంప్యూటర్ ఉద్యోగమనుకుని సంతోషించారు. కాదు. కళాశాలకు చెందిన పాత కాగితాలు అట్టపెట్టెల్లో వస్తాయి. వాటిని విప్పి, తుప్పుపట్టిన పిన్నులు తీసి, ఆమ్లం లేని ఫోల్డర్లలో సర్ది, ఏ పెట్టెలో ఏముందో వివరిస్తూ ఒక పట్టిక రాయాలి. మా వృత్తిలో దాన్ని ఫైండింగ్ ఎయిడ్ అంటారు. కాగితం చూడాలని వచ్చినవాళ్ళు ముందు ఆ పట్టిక చూస్తారు. చాలామంది పట్టిక చూసి, అక్కడితో తృప్తిపడి ఇంటికి వెళ్ళిపోతారు.

పదిహేనేళ్ళలో ఒక్కో మెట్టూ ఎక్కి కళాశాల ఆర్కైవిస్టునయ్యాను. అంటే తాళాల గుత్తి, సంతకం చేసే అధికారం, కిటికీ ఉన్న గది. నేను చెప్పబోయేది 2018 జనవరి నుంచి ఆగస్టు వరకు సాగిన వ్యవహారం. మా వృత్తి గురించి ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే అందులో తప్పు నాది.

కళాశాల నడిబొడ్డున ఓల్డ్ హాల్ అనే రాతి కట్టడం ఉంది. గణిత విభాగం అందులోనే. ముందు ద్వారానికి ఐదు మెట్లు. మెట్లకు ఎడమ పక్కన, గడ్డిలో, మోకాలెత్తు రాయి ఒకటి. దాని మీద హార్విల్ అని ఒక పేరు, పద్దెనిమిది వందల ఎనభైల నాటి ఒక సంవత్సరం, ‘తరగతి మిత్రులు నిలిపినది’ అన్న మాట. అంతే. చదువుకుంటూ చనిపోయిన విద్యార్థి సమాధి అని అందరికీ తెలుసు. ఎలా చనిపోయాడన్నది మాత్రం అడిగినవాళ్ళని బట్టి మారేది. క్షయ అని కొందరు, మంచు పగిలి నదిలో మునిగాడని కొందరు, ప్రిన్సిపాలుగారి అమ్మాయి కాదన్నదని మరికొందరు. గణితం పరీక్ష ముందు పిల్లలు ఆ రాయి మీద పెన్సిళ్ళు పెట్టి దండం లాంటిది పెట్టుకునేవారు. ఏటా మే నెలలో కళాశాల పాస్టరమ్మ అక్కడ నిలబడి చిన్న ప్రార్థన చేసేది.

నేను పెరిగిన ఇంట్లో భోజనాల దగ్గర కూడా వాదమే. రుజువు లేని మాట అన్నవాళ్ళకు మా నాన్న పెరుగు వడ్డించనిచ్చేవారు కాదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని అమెరికా వచ్చి, సైన్సు చదివే పిల్లలు రాయికి పెన్సిళ్ళు సమర్పించడం చూస్తే ఏమనిపిస్తుంది? ప్రతి మే నెలలోనూ కిటికీ దగ్గర నిలబడి పళ్ళు నూరేదాన్ని. ఎవరైనా పట్టించుకుంటే ఉపన్యాసం కూడా ఇచ్చేదాన్ని. నా గొడవ పెన్సిళ్ళతోనే గాని, కింద మనిషి ఉన్నాడనడంలో నాకు ఏ అనుమానమూ లేదు.

జనవరి మూడో వారంలో రత్నంగారు ఫోన్ చేశారు. డేవిడ్ రత్నంగారు కళాశాల కట్టడాల విభాగంలో సివిల్ ఇంజనీరు. నరసాపురం మనిషి. వారమంతా కాంక్రీటు, ఆదివారం తెలుగు చర్చిలో పాట. ఆయన నమ్మకాలకీ నా నమ్మకాలకీ మధ్య ఒక సముద్రం ఉంది. అయినా నెలకోసారి కలిసి భోంచేసేవాళ్ళం, వాదించుకోవడానికి.

“మేడంగారూ, మీరు నా ర్యాంపు ఆపేశారండి,” అన్నారు.

“నేనెప్పుడు ఆపాను?”

“మీరే రాశారంట కదండి, అక్కడ కుర్రాణ్ణి పూడ్చారని. లీగల్ వాళ్ళు మీ రాత ప్రింట్ తీసి నా ఫైలుకి పిన్ను కొట్టారండి.”

సంగతి ఇది. ఓల్డ్ హాల్ ముందు ద్వారానికి చక్రాల కుర్చీ వెళ్ళే ర్యాంపు కట్టాలని రెండేళ్ళుగా ప్రతిపాదన ఉంది. ర్యాంపుకి లెక్క చాలా కచ్చితం. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలి, మధ్యలో కుర్చీ ఆగడానికి చదునైన చప్టా ఉండాలి. ఐదు మెట్ల ఎత్తుకి అది ముప్పై అడుగులు దాటుతుంది. కుడి పక్కన ఆవిరి గొట్టాలు. మిగిలింది ఎడమ పక్క. ఎడమ పక్కన హార్విల్. మనిషి అవశేషాలున్న చోట గడ్డపార వెయ్యాలంటే బంధువుల సమ్మతి, కౌంటీ అంటే జిల్లా అధికారుల అనుమతి, ఇంకా ఏవేవో కావాలని కళాశాల లాయర్లు అడ్డం పడ్డారు. అక్కడ అవశేషాలున్నాయనడానికి ఆధారమేమిటని రత్నంగారు అడిగితే, నా ఫైండింగ్ ఎయిడ్ చూపించారు. ‘విద్యాభ్యాస కాలంలో మరణించిన హార్విల్ అనే విద్యార్థి అంత్యక్రియల కార్యక్రమ పత్రం. సమాధి ఓల్డ్ హాల్ ముందు ఉంది.’ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను రాసిన వాక్యం.

“మార్చి రెండో శుక్రవారం కమిటీ కూర్చుంటుందండి,” అన్నారు రత్నంగారు. “ఆ రోజు ఓకే అంటే, మే నెలలో పిల్లలు ఇళ్ళకి పోగానే పని మొదలెడతాను. లేకపోతే ఇంకో ఏడాదండి. ఆ అమ్మాయికి ఏడాది లేదు.”

ఆ అమ్మాయి పేరు స్రవంతి. వరంగల్ నుంచి స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చింది. మోటారు చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఆ కుర్చీని నలుగురు కలిసినా మెట్ల మీదుగా ఎత్తలేరు. మరుసటి రోజు ఆమెను చూడడానికి ఓల్డ్ హాల్ వెనక్కి వెళ్ళాను, ఎందుకంటే ఆమె లోపలికి వెళ్ళే దారి అటు వైపే. కింది అంతస్తులో క్యాంటీన్ వంటగది ఉంది. సరుకులు దించే తలుపు, పక్కనే చెత్త డబ్బాలు. ఆమె కుర్చీ నేను వెళ్ళేసరికి ఒక డబ్బా వెనక ఆగి ఉంది.

“మీరేనా ఆర్కైవ్స్ ఆంటీ? రత్నం అంకుల్ చెప్పిండు,” అంది. “జర ఆగుండ్రి. ముందు చెత్త పోవాలె, తర్వాత నేను. ఈడ సీనియారిటీ ఉంటది.”

“రోజూ ఇంతేనా?”

“రోజూ. సోమవారం ఉల్లిగడ్డలతోని కలిసి పోతా. క్లాసులో పిల్లలకి నేనొస్తున్నట్టు వాసనతోనే తెలుస్తది.”

ఆమె నవ్వింది గానీ విషయం నవ్వేది కాదు. ఆమె టీచింగ్ అసిస్టెంటు. మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చేయించడం ఆమె పని. దానికి బదులుగా కళాశాల ఫీజు మాఫీ చేస్తుంది. రెండో ఏడాది అసిస్టెంట్లు సాయంత్రం తరగతులు తీసుకోవాలన్నది విభాగం నియమం. వంటగది తలుపు నాలుగున్నరకు తాళం పడుతుంది. సాయంత్రం వేరే కట్టడాల్లో గదులు ఖాళీ లేవని రిజిస్ట్రార్ రాతపూర్వకంగా చెప్పేశారు. కాబట్టి ఆగస్టుకి ముందు ద్వారం తెరుచుకోకపోతే అసిస్టెంటు పని పోతుంది. పని పోతే ఫీజు కట్టే స్తోమత లేదు. ఫీజు కట్టకపోతే విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా నిలవదు. సగం డిగ్రీతో వరంగల్ వెళ్ళాలి.

వెనక తలుపు గుండా రావాలి, ముందుకి రాకూడదు అన్న మాట నాకు కొత్తది కాదు. మా ఊళ్ళో అలాంటి తలుపుల మీద చేసిన ఉపన్యాసాలు వింటూ పెరిగాను. అప్పుడు అడ్డం నిలబడ్డది శాస్త్రాలు. ఇక్కడ అడ్డం నిలబడ్డది నా చేతిరాత! ఆ సాయంత్రం కారు డ్రైవ్ చేస్తూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

నా ఆలోచన మొదట చాలా చిన్నది. సమాధిని కదిలించాలంటే బంధువుల సమ్మతి కావాలి కదా, ఆ హార్విల్ ఊరేదో, తల్లిదండ్రులెవరో కనిపెడితే వారసుల్ని వెతకవచ్చు. అందుకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం ప్రార్థన హాజరు పుస్తకాలు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కళాశాలలో పొద్దున్నే ప్రార్థన మందిరానికి వెళ్ళడం తప్పనిసరి. తరగతి వారీగా, ఇంటిపేరు అక్షరక్రమంలో, ఎవరి సీటు వారికి కేటాయించేవారు. ఎత్తుబల్ల మీద కూర్చున్న మానిటర్ ఖాళీగా ఉన్న సీటు చూసి గీత పెట్టేవాడు. గీతలు పెరిగితే ఇంటికి ఉత్తరం, ఇంకా పెరిగితే ఇంటికే ప్రయాణం. దేవుడు ఆ కుర్రాళ్ళని చూశాడనడానికి నా దగ్గర రుజువు లేదు గానీ, మానిటర్ చూశాడనడానికి నలభై ఆరు పుస్తకాలున్నాయి.

ఆ దశాబ్దపు పుస్తకాలన్నీ తీశాను. హార్పర్ ఉన్నాడు. అతని పక్కన హాస్కిన్స్ ఉన్నాడు. ఇద్దరి మధ్యా హార్విల్ ఉండాలి. లేడు. ముందు తరగతిలో లేడు, వెనక తరగతిలో లేడు. ఫీజు రసీదుల్లో లేడు. గది కేటాయింపుల్లో లేడు. నాలుగేళ్ళలో ఒక్కనాడు కూడా ప్రార్థన ఎగ్గొట్టని విద్యార్థి ప్రపంచంలో ఉండడు. ఉంటే వాడు పుట్టి ఉండడు.

నాకు చిన్నప్పటి వాదప్రతివాదాల ఉత్సాహం వచ్చేసింది. అంత్యక్రియల పత్రాన్ని మళ్ళీ తీశాను. నల్లటి అంచు, ఊరేగింపు క్రమం, ఒక కీర్తన, లాటిన్‌లో శోకోపన్యాసం, శవపేటిక మోసే ఆరుగురి పేర్లు. ఆ ఆరుగురిలో ఒకడు వాల్టర్. వాల్టర్ మనవరాలు ఎప్పుడో ఇచ్చిన పెట్టె మా దగ్గర ఉంది. అందులో అతను రెండో సంవత్సరంలో రాసుకున్న డైరీ ఉంది. దాన్ని ఎవరూ పూర్తిగా చదవలేదు. నేనూ చదవలేదు. నేను చేరిన ఏడాది ఎవరూ తెరవని పెట్టెలు గోడంత ఎత్తున పేరుకుని ఉన్నాయి. మా పైఅధికారి పెట్టెకి ఒక పూట కంటే ఇవ్వలేదు.

ఇప్పుడు చదివాను. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను ఈ శతాబ్దంలో లేను. వాల్టర్ గదిలో బొగ్గు పొయ్యి, బకెట్లో నీళ్ళు తెల్లారేసరికి గడ్డకట్టేవి. ప్రార్థన గంట మోగడం ఆగేలోపు మందిరంలో ఉండాలి కాబట్టి, పడుకున్న చొక్కా మీదే పొడవాటి కోటు తొడుక్కుని పరుగెత్తేవాడు. మానిటర్ కోటు వరకే చూసేవాడట, కోటు కింద ప్యాంటు ఉందా లేదా అన్నది అతని అధికార పరిధిలోకి రాదు. ఒకసారి పక్క రైతు ఆవును మూడో అంతస్తులోని గ్రీకు తరగతి గదిలోకి ఎక్కించారు. ఆవు మెట్లెక్కుతుంది గానీ దిగదని అప్పుడే తెలిసింది వాళ్ళకి. ప్రొఫెసరు ఏమీ ఎరగనట్టు హాజరు పిలిచి, ఈ రోజు తరగతి స్థాయి కొంచెం పెరిగినట్టుందని చెప్పి పాఠం మొదలుపెట్టాడట. శుక్రవారాలు చర్చా సంఘం. స్త్రీలకు ఓటు ఇవ్వవచ్చా అని మూడు గంటలు వాదించి, తెలివితేటలు చాలవు కాబట్టి ఇవ్వకూడదని తీర్మానించి, వెంటనే పొయ్యి ఎవరు వెలిగించాలన్న దాని మీద కొట్టుకుని ఒకడి పన్ను ఊడగొట్టారు. ఓటున్న తెలివితేటలు అలా ఉన్నాయి!

నాలుగో రోజు మధ్యాహ్నం, ఆ ఏటి జూన్ నెల పుటల్లో, హార్విల్ దొరికాడు.

హార్విల్ మనిషి కాడు. త్రికోణమితి పాఠ్యపుస్తకం. రాసినాయన పేరు హార్విల్ కాబట్టి కుర్రాళ్ళు పుస్తకాన్నీ ఆ పేరుతోనే పిలిచేవారు. రెండో సంవత్సరం వాళ్ళు గణితం గండం గట్టెక్కగానే ఆ పుస్తకానికి అంత్యక్రియలు చేయడం అక్కడ ఆచారమట. ఆ రోజుల్లో చాలా అమెరికన్ కళాశాలల్లో ఇలాంటివి ఉండేవని తర్వాత తెలుసుకున్నాను. కొందరు కాల్చేవారు, కొందరు పూడ్చేవారు. వాల్టర్ తరగతి పూడ్చింది. పక్కదుప్పట్లు కప్పుకున్న ఆరుగురు పేటిక మోశారు. ఒకడు గౌను వేసుకుని విధవరాలిగా ఏడ్చాడు. ఏడుపు మరీ సహజంగా ఉండడంతో పక్కవీధి పెద్దావిడ ఓదార్చడానికి వచ్చిందట. బాజా వాళ్ళకి వచ్చింది ఒక్క పెళ్ళి పాట, అదే నెమ్మదిగా వాయించారు. పూడ్చే ముందు తరగతిలో ప్రతివాడూ వరసగా వచ్చి పుస్తకాన్ని ఒకసారి కాలితో తొక్కాడు. రాయికి మాత్రం అందరూ చందాలేసుకున్నారు. అధ్యాపకుల సమావేశపు మినిట్స్‌లో మిగతా సగం దొరికింది. పాఠ్యపుస్తకం పట్ల అగౌరవానికీ, రాజమార్గంలో దుప్పట్లతో తిరిగినందుకూ తరగతి మొత్తానికి ప్రవర్తన మార్కులు కోశారు.

ఆర్కైవ్స్ పఠన గదిలో పెన్ను వాడకూడదు, నీళ్ళు తాగకూడదు, మాట్లాడకూడదు. ఆ మూడు నియమాలూ గోడకి నేనే అంటించాను. ఆ గదిలో, చరిత్ర శాఖ ప్రొఫెసర్లిద్దరి ఎదుట, బల్ల మీద తల పెట్టుకుని కళ్ళ నీళ్ళు కారేదాకా పగలబడి నవ్వాను. ఒకాయన టిష్యూ పెట్టె జరిపి, ఎవరైనా పోయారా అని మెల్లగా అడిగాడు. ఎవరూ పోలేదండీ, అదే శుభవార్త అన్నాను.

నవ్వు ఆగాక సిగ్గు వేసింది. పత్రంలో దుప్పట్ల సంగతి లేదు నిజమే, కానీ ముఖ్య విలాపకుడి పేరు పక్కన గౌను అద్దె ఎవరు కట్టాలో చిన్నక్షరాల్లో ఉంది. మొదటిసారి అది నా కంట పడలేదా? పడే ఉంటుంది. నల్ల అంచు చూడగానే నా చెయ్యి దాన్ని ‘మరణాలు, సంస్మరణలు’ ఫోల్డర్లో పెట్టేసింది. ఎందుకని చాలా ఆలోచించాను. నేను గుడికి వెళ్ళను, ముహూర్తం చూడను, పిల్లి ఎదురొస్తే పలకరిస్తాను. కానీ పుస్తకానికి కాలు తగిలితే ఈ రోజుకీ నా చెయ్యి దానంతటదే వెళ్ళి పుస్తకాన్ని తాకి కళ్ళకద్దుకుంటుంది. పుస్తకాన్ని చంపి, తొక్కి, పాతిపెట్టి, పైన రాయి నిలిపే జాతి ఒకటి ఉంటుందన్న ఊహ అలాంటి బుర్రలోకి రాదు. అన్ని మూఢనమ్మకాలనీ గుమ్మం బయటకి తోశాననుకున్నాను. ఒకటి నా బల్ల కిందే కూర్చుని ఫైండింగ్ ఎయిడ్ రాసింది.

రత్నంగారికి ఫోన్ చేసి చెప్పాను.

“తొక్కారాండీ?” అన్నారు.

“ఒక్కొక్కరూ.”

“పుస్తకాన్నా? చదువుకునే పుస్తకాన్నేనాండీ?”

“రత్నంగారూ, ఇప్పుడు ముఖ్యమైన విషయం అది కాదు. కింద మనిషి లేడు.”

“ఆయ్, అది అర్థమైందండి. ప్రభువుకి స్తోత్రం. కానీ తొక్కడమేంటండి? బైబిల్ జారి కిందపడితే మా అమ్మ మూడు రోజులు ఏడ్చేదండి!” ఆ తర్వాత ఆయనకీ నవ్వు తెరలు తెరలుగా వచ్చి, ఎవరో పిలుస్తున్నారని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశారు.

మార్చి రెండో శుక్రవారం క్యాంపస్ ప్రణాళికా కమిటీ కూర్చుంది. అధ్యక్షత వైస్ ప్రెసిడెంటు. లాయరు, కట్టడాల విభాగం, పూర్వ విద్యార్థుల వ్యవహారాల డైరెక్టరు, పాస్టరమ్మ సభ్యులు. నేను ఆహ్వానితురాలిని, అంటే మాట్లాడవచ్చు, ఓటు లేదు. స్రవంతి వినడానికి వచ్చి గోడ పక్కన ఉంది.

నేను మొదట నా తప్పు చదివాను. ఫలానా సంవత్సరంలో, ఫలానా పెట్టెకు నేను రాసిన వివరణ ఆధారం లేనిది, పత్రం పూర్తిగా చదవకుండా రాసినది అని. తర్వాత హాజరు పుస్తకం, డైరీ, మినిట్స్ వరసగా చూపించాను. గౌను దగ్గరికి వచ్చేసరికి లాయరు కూడా నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. పూర్వ విద్యార్థుల డైరెక్టరు మాత్రం నవ్వలేదు. హార్విల్ కథ మా విద్యార్థుల తరతరాల ఆస్తి అన్నాడు. పత్రాలు ఒక ఉత్తుత్తి అంత్యక్రియ గురించి చెప్పినంత మాత్రాన, అదే చోట నిజమైనది జరగలేదని తేలదు కదా, తొందరేముంది, వచ్చే ఏడాది నిపుణుల నివేదిక తెప్పిద్దాం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేనివాడు లేడని నిరూపించమనడం వాదంలో అన్నిటికంటే పాత మోసం. దెయ్యాలన్నీ దాని మీదే బతుకుతున్నాయి. ఆ మాట అనేశాను కూడా.

వైస్ ప్రెసిడెంటు వాయిదా వేసేలా ఉన్నాడు. పాస్టరమ్మ చెయ్యెత్తింది. ఆమె బాధపడుతుందని నేను భయపడ్డాను. “పదకొండేళ్ళుగా నేను ఒక త్రికోణమితి పుస్తకం ఆత్మశాంతికి ప్రార్థిస్తున్నానన్నమాట,” అంది. అందరూ నవ్వే దాకా ఆగి, “తవ్వి చూద్దాం,” అంది. “చేత్తో, జాగ్రత్తగా, కౌంటీ అధికారి ఎదుట. మనిషి ఉంటే ప్రార్థన చేసి మూసేస్తాను, ర్యాంపు అడగను. పుస్తకం ఉంటే, గోడ పక్కనున్న ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ చెత్త తలుపు గుండా ఎందుకు వచ్చిందో మనమంతా ఆమెకు చెప్పుకోవాలి.”

తవ్వడానికి అనుకూలంగా మూడు ఓట్లు, వ్యతిరేకంగా ఒకటి. నేను తర్కంతో రెండు నెలల్లో చెయ్యలేనిది ఆవిడ మూడు వాక్యాల్లో చేసింది. అది నాకు కొంచెం గుచ్చుకుందని ఒప్పుకుంటున్నాను.

ఏప్రిల్లో నేల మెత్తబడ్డాక, ఒక మంగళవారం పదిగంటలకు తవ్వారు. పురాతత్వ నిపుణురాలు ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మన్ను తీసింది. కౌంటీ అధికారి ఫారం పట్టుకుని నిలబడ్డాడు. రత్నంగారు కొలతల టేపు పట్టుకుని, కొలవడానికి ఏమీ లేకపోయినా కొలుస్తున్నారు. అటు ఇటు ముప్పై మంది పిల్లలు. రెండడుగుల లోతులో తాపీ టంగుమంది. చెక్క పేటిక చివికి పొడైపోయింది గాని దాని లోపల మైనంతో మూసిన రేకు పెట్టె ఉంది. పొడవు మూరెడు. దాంట్లో ఏ మనిషీ పట్టడని కౌంటీ అధికారి అక్కడికక్కడే ప్రకటించి, ఫారంలో ‘అవశేషాలు’ అన్న చోట ఏం రాయాలని నన్ను అడిగాడు.

“పుటలు అని రాయండి,” అన్నాను.

పెట్టె మా పనిగదికి తెచ్చి, చేతి తొడుగులు వేసుకుని తెరిచాను. తోలు అట్ట మీద బూటు మడమ గుర్తులు, ఒకదాని మీద ఒకటి. అంచులు చెమ్మకి పాడయ్యాయి గానీ మధ్య పుటలు చదవడానికి వీలుగా ఉన్నాయి. లోపల ఒక కాగితం మీద తరగతి మొత్తం సంతకాలు. స్రవంతి కుర్చీ బల్ల దాకా తెచ్చి తొంగిచూసింది.

“ముట్టకు!” అని అరిచాను.

“ముట్టుతలేను ఆంటీ, చదువుతున్న,” అంది. “ఇరవై అడుగుల నిచ్చెన, నేలతోని అరవై డిగ్రీలు. గోడ మీద ఎంత ఎత్తు... పదిహేడు చిల్లర.” ఆమె వేలు గాలిలో ఆన్సర్ దాకా జారింది. “వీళ్ళు పద్దెనిమిది చిల్లర అచ్చేసిన్రు.”

“సరిగ్గా చూడు.”

“చూసిన. తప్పే. పాపం ఆ పోరగాళ్ళు లెక్క కరెక్టుగ చేసినా మార్కులు పోయుంటయ్. తొక్కిన్రంటే తొక్కరా మరి?”

రత్నంగారు టోపీ తీసి, ఆలోచించి, “అయితే న్యాయమేనండి,” అన్నారు.

మే పద్నాలుగున కాంక్రీటు పని మొదలైంది. రత్నంగారు వాలు రోజుకి రెండుసార్లు కొలిచేవారు. ఆగస్టు మూడో వారంలో రైలింగు బిగించారు. మొదటి సాయంత్రం తరగతి ఐదున్నరకు. స్రవంతి మధ్య చప్టా మీద ఒక్కసారి ఆగి, కుర్చీ సర్దుకుని, పైకి వెళ్ళింది. లోపల నుంచి ఒక కుర్రాడు తలుపు పట్టుకోబోతే, “అయామ్ ఫైన్, థాంక్యూ,” అని తనే బటన్ నొక్కింది. కింద నిలబడ్డ మాతో తెలుగులో, “ఏం చూస్తున్నరు, క్లాసుకి లేటయితుంది,” అంది. రెండేళ్ళ చదువు సకాలంలో పూర్తిచేసింది.

రాయిని పది అడుగులు పక్కకి జరిపారు. పుస్తకం సంగతి కళాశాల పత్రికలో అచ్చయింది, అందరూ చదివారు. అయినా పరీక్షల ముందు పెన్సిళ్ళు ఆగలేదు. నిజం చెప్పాలంటే పెరిగాయి. దీని మీద నేను చేసిన ఉపన్యాసాలు ఫలించలేదని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వృత్తిపరంగా మార్చింది ఒక్కటే. పాత వాక్యాన్ని చెరిపేయలేదు. దాన్ని కొట్టివేసినట్టు ఉంచి, కింద సరైనది రాసి, తేదీ, నా సంతకం పెట్టాను, ఆ వాక్యాన్ని నమ్మి ఎవరెవరు ఏమేం ఆపారో తర్వాతివాళ్ళకు తెలియాలి కాబట్టి. 2021లో పదవీ విరమణ చేసేలోపు మా విభాగంలో ఒక నియమం పెట్టించాను. అది ఇప్పటికీ అమల్లో ఉంది. వివరణ పట్టికలో ఎవరైనా మరణించారని రాసేముందు, ఆ మనిషి బతికాడని చెప్పే కాగితం ఒకటి చూపించాలి.